టనక్‌పూర్ కరకట్ట: 577 మీటర్ల దగ్గర మొదలైన అనుమానం

భారత్, నేపాల్, చైనా సరిహద్దుల దగ్గరున్న లిపులేఖ్ కనుమ గొడవ మళ్లీ రాజుకుంది. ఆ కనుమ మీదుగా సరిహద్దు వ్యాపారం తిరిగి మొదలుపెడతామని 2025 ఆగస్టులో భారత్, చైనా చెప్పగానే, ఆ నేల మాదంటూ నేపాల్ అభ్యంతరం చెప్పింది. అంతకు నెల ముందే కైలాస మానసరోవర యాత్రికులు అదే దారిన వెళ్లారు. ఢిల్లీ నుంచి బయల్దేరి, కొండ ఎక్కేముందు వాళ్లు ఆగిన ఊరు టనక్‌పూర్.

కాళీ నదిని నేపాల్‌కు హద్దుగా పెట్టిన 1816 సుగౌలీ సంధి, ఆ నది ఎక్కడ పుట్టిందన్న వాదన పేపర్లలో చాలాసార్లు వచ్చినవే. వాటిని పక్కన పెడదాం. ఢిల్లీ మాటను కాఠ్‌మాండూ ఎందుకంత అనుమానంగా వింటుందో తెలియాలంటే లిపులేఖ్ దాకా వెళ్లక్కర్లేదు, టనక్‌పూర్‌లో దిగితే చాలు.

ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో కొండలు అయిపోయి మైదానం మొదలయ్యే చోట ఉందీ చిన్న ఊరు. రైలు ఇక్కడితో ఆఖరు. పైన ఇరుకు లోయలో ఉరికొచ్చిన కాళీ ఇక్కడ గులకరాళ్ల మీద పాయలు పాయలుగా పరుచుకుంటుంది. మనవైపు దాన్ని శారద అంటారు, అవతల మహాకాళి. పూర్ణగిరి అమ్మవారిని చూసినవాళ్లు నది దాటి నేపాల్‌లోని బ్రహ్మదేవ్ వెళ్లి సిద్ధబాబాకు దండం పెట్టుకుంటారు, లేకపోతే యాత్ర పూర్తికాదని నమ్మకం. అలా దాటడానికి పనికొచ్చే టనక్‌పూర్ బరాజే అసలు తగాదా.

120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కోసం 1980లలో మన ప్రభుత్వ జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీ దీన్ని కట్టింది. నది ఇద్దరిదీ అయినా నేపాల్‌ను అడగలేదు. బరాజ్ లేచాక ఒక చిక్కు వచ్చింది. నీరు వెనక్కి ఎగదన్ని పక్కలకు పొర్లకుండా ఎడమ కరకట్టను గట్టు నేలకు కలపాలి, ఆ గట్టు నేలేమో నేపాల్‌లో ఉంది. కావలసింది 577 మీటర్ల కట్ట, 2.9 హెక్టార్లు. ఇల్లంతా కట్టేసి, ఆఖరి గోడకు పక్కింటి స్థలం అడిగినట్టయింది.

1991 డిసెంబరులో ఢిల్లీ వచ్చిన నేపాల్ ప్రధాని గిరిజాప్రసాద్ కొయిరాలా సరేనన్నారు. బదులుగా కొంత నీరు, ఏటా కోటి యూనిట్ల కరెంటు ఉచితం. ఇంటికెళ్లాక రచ్చ మొదలైంది. పార్లమెంటును అడగకుండా దేశం నేలను ఎలా ఇస్తారని ప్రతిపక్షం నిలదీసింది. ఇది ఒప్పందం కాదు, వట్టి అవగాహనేనని ప్రభుత్వం సర్దిచెప్పబోయింది. 1992 అక్టోబరులో మన ప్రధాని పీవీ నరసింహారావు కాఠ్‌మాండూ వెళ్లినప్పుడు కరెంటు రెండు కోట్ల యూనిట్లయింది, కానీ కోపం తగ్గలేదు. డిసెంబరు 15న నేపాల్ సుప్రీంకోర్టు తేల్చేసింది: ఇది ఒప్పందమే, పార్లమెంటు ఆమోదం కావాల్సిందే.

పాత పద్దు ఒకటి ఉండబట్టే 2.9 హెక్టార్లకు అంత టెన్షన్. 1920లో దిగువన బన్‌బసా దగ్గర శారదా బరాజ్ కోసం బ్రిటిష్‌వాళ్లు తూర్పు ఒడ్డున సుమారు 4,000 ఎకరాలు తీసుకుని, నేపాల్‌కు వేరేచోట అంతే భూమి, 50 వేల రూపాయలు ఇచ్చారు. నీళ్లలో నేపాల్ వాటా ఖరీఫ్‌కు 460 క్యూసెక్కులు, రబీకి 150. శారదా కాలువ మాత్రం ఉత్తరప్రదేశ్‌లో లక్షల ఎకరాలు తడిపింది. ఆ భూమి ఇచ్చింది ఆ ఒక్క బరాజ్‌కేనని, ఇంకోటి కట్టుకోవడానికి కాదని నేపాలీలు అంటారు. ఆ వాదనలో బలముంది.

ఢిల్లీ వాదన చిన్నదే. బరాజ్ తన నేల మీదే ఉంది, కట్టతో అవతలి ఊళ్లకూ వరద ముప్పు తగ్గుతుంది.

చివరికి 1996 ఫిబ్రవరి 12న మహాకాళి ఒప్పందంపై పీవీ, నేపాల్ ప్రధాని షేర్ బహదూర్ దేవ్‌బా సంతకాలు చేశారు. టనక్‌పూర్ నుంచి వానాకాలంలో 1,000 క్యూసెక్కులు, మిగతా రోజుల్లో 300, ఏటా ఏడు కోట్ల యూనిట్లు నేపాల్‌కు రాసిచ్చారు. కోటి దగ్గర మొదలైన బేరం ఏడు కోట్లకు చేరిందంటే, మొదటి బేరం ఎంత చవకో తెలుస్తూనే ఉంది. మూడింట రెండొంతుల మెజారిటీతో నేపాల్ పార్లమెంటు ఆమోదించింది గానీ, ఈ గొడవలోనే అక్కడి కమ్యూనిస్టు పార్టీ యూఎంఎల్ 1998లో చీలింది.

అమలు సంగతి వేరు. టనక్‌పూర్ నుంచి నేపాల్ హద్దు దాకా భారత్ తవ్వాల్సిన కాలువ పొడవు కిలోమీటరు పైచిలుకే, దానికి రెండు దశాబ్దాలు దాటింది. ఇదే నది మీద ఎగువన 315 మీటర్ల ఎత్తున తలపెట్టిన పంచేశ్వర్ డ్యామ్‌కు ఆరు నెలల్లో ప్రాజెక్టు నివేదిక తయారు కావాలని రాసుకున్నారు. అది ఇప్పటికీ ఖరారు కాలేదు. శారదా కాలువ కింద భారత్ ఇప్పటికే వాడుకుంటున్న నీటిని ఎలా లెక్కకట్టాలన్న దగ్గరే చర్చలు ఆగిపోతున్నాయి.