మెడ మీది నలుపు మురికి కాదు

పదిహేనేళ్ల కూతురిని ముందు కూర్చోబెట్టుకుని మెడను బీరపీచుతో తోమే అమ్మలను చాలామందిని చూశాను. నలుగుపిండి అయిపోతుంది, సబ్బు అయిపోతుంది. నిమ్మకాయలకు కొదవలేని గూడూరు, పొదలకూరు వైపు ఇళ్లలో నిమ్మచెక్కలూ అయిపోతాయి. మెడ మండుతుంది గానీ నలుపు పోదు. అది మురికైతే కదా పోయేది!

దీన్ని డాక్టర్లు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో చర్మం నల్లబడి, మందమై, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటుంది. చాలామందిలో దీనికి కారణం, రక్తంలో షుగర్‌ను అదుపులో పెట్టే ఇన్సులిన్. టైప్ 2 షుగర్ రాబోయే మనిషిలో మొదట ఇన్సులిన్ తగ్గదు, పెరుగుతుంది. కండరాలు, కాలేయం దాని మాట వినడం మానేస్తాయి కాబట్టి క్లోమం ఇంకా ఇంకా తయారుచేస్తుంది. రక్తంలో అలా ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాలను కూడా పెరగమని ఉసిగొల్పుతుంది. ఆ పెరుగుదలే మనకు నలుపుగా కనపడుతుంది. మెడ మీద సన్నటి పులిపిర్లు వేలాడటం కూడా చాలాసార్లు ఇందువల్లే.

రక్తపరీక్షలో షుగర్ మామూలుగా ఉన్నప్పుడే, ఏళ్ల ముందే, ఈ నలుపు రావచ్చు. నాకు బాధ కలిగేది ఇక్కడే. ఒళ్లు అంత ముందుగా చెబుతుంటే, మనం ఆ పిల్లను శుభ్రం లేదని తిడుతున్నాం. బరువు తగ్గి, రోజూ నడిస్తే ఇన్సులిన్ దిగుతుంది, నలుపూ మెల్లగా పలచబడుతుంది. పీచు పక్కన పెట్టి పరీక్ష చేయించండి.

షుగర్ వచ్చాక కొందరికి మోకాలి కింద ముందువైపు గోధుమరంగు మచ్చలు పడతాయి. వాటితో భయం లేదు. మర్మాంగాల దగ్గర దురద మాత్రం చెప్పుకోవడానికి సిగ్గుపడి ఏళ్లు భరిస్తారు. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే మూత్రంలోకి దిగుతుంది, ఆ తీపికి అక్కడ ఫంగస్ చేరుతుంది. పెద్దవాళ్లు రాచకురుపు అని భయపడే వీపు మీది పెద్ద గడ్డ కూడా షుగర్ అదుపులో లేనివాళ్లకే ఎక్కువగా వస్తుంది. షుగర్ ఎక్కువైతే చీముతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి.

ఇక పాదాలు. రొయ్యల గుంటల్లో, వరి మడుల్లో పొద్దంతా నీళ్లలో నిలబడేవాళ్లకు వేళ్ల సందులు ఒరుసుకుపోవడం మామూలే. షుగర్ ఉన్నవాళ్లకు ఆ సందులోంచే క్రిములు లోపలికి పోతాయి. పైగా చెమట పుట్టించే నరాలు దెబ్బతిని మడమలు ఎండి పగులుతాయి, స్పర్శ తెలిపే నరాలు మొద్దుబారతాయి. అందుకే సర్కారు తుమ్మ ముల్లు దిగినా, ఎండాకాలం శనివారం మాలకొండ నరసింహస్వామి గుడి దగ్గర ఉత్తకాళ్లతో నడిచి అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. “నొప్పే లేదు కదన్నా” అని వారం తర్వాత చూపించే పుండు నొప్పిపెట్టే పుండు కన్నా ప్రమాదం.

గుంటలోంచి పైకి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవాలి. కొబ్బరినూనె మడమకు, పాదానికి రాయాలి, సందుల్లో రాయకూడదు. రాత్రి పడుకునే ముందు అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలి. చూపు ఆనకపోతే మనవరాలిని పిలిచి చూడమనండి.