మెదడులో గడ్డ: తలనొప్పి ఒక్కటే గుర్తు కాదు

హైదరాబాద్‌లో న్యూరాలజిస్టుగా నేను రోజూ వినే ప్రశ్న: "డాక్టర్ గారూ, బ్రెయిన్ ట్యూమర్ కాదు కదా?" తలనొప్పితో వచ్చి ఇలా అడిగేవాళ్లలో చాలామందికి ట్యూమర్ ఉండదు. నా బెంగంతా వేరే లక్షణాలు ఉండి కూడా ఆ అనుమానమే రానివాళ్ల గురించి.

అపోహ: తల పగిలిపోయేంత నొప్పి వస్తే ట్యూమరే.

వాస్తవం: ఎండకు తిరిగినప్పుడో, నిద్ర చాలనప్పుడో ఏళ్లుగా వచ్చిపోయే నొప్పి ఎక్కువగా మైగ్రేనే. కొత్తగా మొదలై వారం వారం పెరుగుతున్నా, తెల్లవారుజామున నిద్ర లేపుతున్నా, దగ్గినా వంగినా ఎక్కువవుతున్నా, వాంతులు తోడైనా చూపించుకోండి. గ్యాస్ మాత్రలతో రోజులు గడపకండి. పిల్లలు పొద్దున్నే పదేపదే వాంతులు చేసుకుంటుంటే బడి ఎగ్గొట్టే నాటకం అనుకోవద్దు. నడక తూలుతోందా, తల ఒక పక్కకే వంచుతున్నారా చూడండి.

అపోహ: తలనొప్పి లేదు కాబట్టి భయం లేదు.

వాస్తవం: ఎక్కువ ఆలస్యం జరిగేది ఇక్కడే. గడ్డ ఎక్కడుంటే అక్కడి పని దెబ్బతింటుంది. మెదడు ముందు భాగంలో ఉంటే మనిషి స్వభావం మారుతుంది. శుభ్రంగా లెక్కలు చూసుకునే మనిషి దేన్నీ పట్టించుకోడు, వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కొందరికి మాట దొరకదు, గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, కాలి చెప్పు జారినా తెలియదు. మెదడు అడుగున ఉండి హార్మోన్లు తయారుచేసే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉంటే పక్కచూపు తగ్గుతుంది, నెలసరి ఆగిపోవచ్చు, కొందరికి చెప్పుల సైజు పెరుగుతుంది. ఒక్క చెవికే వినికిడి తగ్గుతూ వస్తే అదీ చూపించాల్సిందే. అద్దాలు మార్చినా మసక తగ్గకపోతే, చుక్కలు వేసి కంటి వెనక నరం చూడమని కంటి డాక్టర్‌ని అడగండి. తల లోపల ఒత్తిడి పెరిగితే ఆ నరం ఉబ్బుతుంది.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెడితే తగ్గిపోతుంది.

వాస్తవం: ఫిట్స్ చాలావరకు దానంతటదే ఆగుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లలో మొదటిసారి ఫిట్స్ వస్తే అది గడ్డ వల్ల కూడా కావచ్చు, అందుకే తల స్కాన్ చేయించాలి. అందులో మచ్చ కనబడగానే కుంగిపోకండి. మన దేశంలో టీబీ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు కూడా అలాగే కనిపిస్తాయి. వాటికి మందులున్నాయి.

అపోహ: ట్యూమర్ అంటే క్యాన్సరే.

వాస్తవం: మెదడు పొరల్లో పెరిగే మెనింజియోమాల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు.

మూతి వంకర, చేయి పడిపోవడం ఉన్నట్టుండి వస్తే పక్షవాతం కావచ్చు, ఓపీ కోసం ఆగకుండా అప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి. నెమ్మదిగా పెరిగే లక్షణాలైతే నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో న్యూరో విభాగాలున్నాయి. ఏ లక్షణం ఎప్పుడు మొదలైందో రాసుకుని, మార్పును దగ్గర నుంచి చూసిన మనిషిని వెంట తీసుకెళ్లండి.