సాక్ష్యం సంఘం గోడల మధ్యే ఎందుకు ఆగిపోయింది?

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకు కొంత సమయం కేటాయించడం మామూలే. జబ్బు నయమైందనో, కొడుకుకు ఉద్యోగం దొరికిందనో, తాగుడు మానగలిగాననో లేచి నిలబడి కన్నీళ్లతో చెప్పే మనిషి, సోమవారం ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునే వారి దగ్గర ఆ మాట ఎత్తడు. పాస్టర్లు దీన్ని సిగ్గుగానో, విశ్వాస లోపంగానో ఎంచి మందలిస్తుంటారు. అది కొందరి విషయంలో నిజం కావచ్చు. అయితే ఈ వెనుకాడటం వెనుక దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉందనీ, అందులో వ్యక్తుల పిరికితనం పాలు తక్కువేననీ గమనించాలి.

లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టిన తరువాత కూడా చాలా దశాబ్దాల పాటు తెలుగునాట సువార్త పని అంతంతమాత్రంగానే సాగింది. పట్టణాల్లో బడులు పెట్టి అగ్రకులాల పిల్లలకు చదువు చెబితే వారి ద్వారా మతం కిందికి పాకుతుందన్న ఆలోచన ఫలించలేదు. 1852లో మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ బడికి చెందిన విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఆ బడి దాదాపు ఖాళీ అయింది. విశ్వసించానని నోరు విప్పితే ఇల్లు, కులం, ఆస్తి ఒక్కసారిగా పోతాయని పైకులాల వారికి ఆనాడే తెలిసివచ్చింది. అంతకు ముందే, పద్దెనిమిదో శతాబ్దంలో, ఫిరంగిపురం వంటి చోట్ల కతోలిక మతంలోకి వచ్చిన రెడ్డి, కమ్మ కుటుంబాల దారి వేరు. కులాన్ని వదులుకోకుండా మతం పుచ్చుకున్న ఆ ఇళ్లలో విశ్వాసం పొలంలాగా వారసత్వంగా దిగివచ్చింది కాబట్టి, దాన్ని బయటివారికి చెప్పవలసిన అవసరమే చాలామందికి తోచలేదు.

మాట నిజంగా పాకింది ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల్లో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు చేరిన కొత్తల్లోనే తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. పేరయ్య జీతం తీసుకునే ప్రచారకుడిగా మొదలుపెట్టలేదు. తన వ్యాపారం, తన బంధుత్వాలు ఏ ఊళ్లకు తీసుకుపోతే ఆ ఊళ్లలో, తన వాళ్ల అరుగుల మీద కూర్చుని, వారి భాషలోనే చెప్పాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని ఒంగోలు పైకులాల వారు తేల్చి చెప్పినప్పుడు క్లౌ దంపతులు మాదిగల పక్షానే నిలిచారు. 1876-78 నాటి ధాత కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. కూటి కోసం మతం మారారన్న నింద రాకుండా కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ ఎంత జాగ్రత్త పడినా నింద మాత్రం తప్పలేదు. ‘బియ్యానికి మారారు’, ఆ తరువాతి కాలంలో ‘పాలపొడికి మారారు’ అన్న ఎత్తిపొడుపులు నేటికీ వినిపిస్తాయి. నోరు తెరిచే ముందే ఆ మాట పడవలసి వస్తుందన్న వెరపు తరతరాలుగా దిగివచ్చింది.

వేలమంది చేరేసరికి వారికి బడులు, గుడులు, ఊళ్లలో బోధించే ఉపదేశులు, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చెప్పే ‘బైబిలు స్త్రీలు’ కావలసివచ్చారు. ఈ ఏర్పాటు అవసరమైనదే, కానీ దానితోపాటే సువార్త చెప్పడం జీతం తీసుకునే వారి పని అన్న భావం స్థిరపడింది. ఊరికొక ఉపదేశి ఉన్నప్పుడు కూలికి వెళ్లే మనిషి తన ఆసామితో యేసు గురించి మాట్లాడటమెందుకు? ఈ మార్పును బాగా పసిగట్టినవాడు 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు వి.ఎస్. అజరయ్య. బాప్తిస్మం పొందినవారి చేత వారి తలల మీద వారే చేతులు పెట్టించి, తాము సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ, అంటే కీడు, అని ఆయన పలికించేవాడు. పౌలు అపొస్తలుడి ఆ మాటను పాలేర్ల చేత, కూలీల చేత చెప్పించడం చిన్న విషయమేమీ కాదు. సాక్ష్యం ప్రతి విశ్వాసికీ బాధ్యతేనన్న ఆ పట్టు ఆయన తరువాత అంత బిగువుగా నిలవలేదని నా అభిప్రాయం.

ఇక స్వతంత్ర భారతంలో ఈ మౌనానికి అన్నిటికంటే బలమైన కారణం చేరింది. నా అంచనాలో దీనికి దక్కవలసిన శ్రద్ధ ప్రసంగాల్లో దక్కడం లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని మన దగ్గర వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి విభాగం కింద ఉంచి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఫలితంగా సంఘం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో మరొక పేరు, తహశీల్దారు ఇచ్చే కులపత్రంలో ‘హిందూ’ అన్న మాట, ఆదివారం తుడిచి సోమవారం పెట్టుకునే బొట్టు ఎన్నో కుటుంబాలకు మామూలైపోయాయి. జనాభా లెక్కలు కూడా ఈ సంగతినే సూచిస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో 18 లక్షలకు పైగా, అంటే 4.19 శాతంగా నమోదైన క్రైస్తవులు, మొత్తం జనాభా దాదాపు రెట్టింపైన 2011 నాటికి 11 లక్షల చిల్లరకు, అంటే 1.34 శాతానికి తగ్గారు. అదే కాలంలో వీధివీధినా కొత్త ప్రార్థనా మందిరాలు లేచాయి. తానెవరో చెప్పకుండా తన విశ్వాసం గురించి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. తానెవరో చెబితే పిల్లల సీటు, తన ఉద్యోగం ప్రశ్నార్థకమవుతాయి.

చట్టం సంగతి తరచుగా వినిపించేదే. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1967లో ఒడిశా, 1968లో మధ్యప్రదేశ్ మతమార్పిడులపై ఆంక్షలు తెచ్చాయి. ఆ చట్టాలను సమర్థిస్తూ 1977లో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పునిచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో అటువంటి మతమార్పిడి నిరోధక చట్టం లేదు. ఇతర మతాల ఆరాధనా స్థలాల్లో ప్రచారం చేయడాన్ని నిషేధిస్తూ 2007లో, తిరుమలలో క్రైస్తవ ప్రచారం జరుగుతోందన్న వివాదం నేపథ్యంలో, ఒక చట్టం మాత్రం వచ్చింది. ఇంటి గడపలో పొరుగువారితో మాట్లాడటాన్ని అది తాకదు. అయినా చట్టంలో ఏముందో చదవనివారు ఎక్కువ, కరపత్రాలు పంచేవారిని అడ్డుకున్నారన్న వీడియోలు చూసినవారు ఎక్కువ.

కులపత్రం చుట్టూ ఉన్న భయానికి మాత్రం ఇటీవల కొత్త ఆధారం దొరికింది. కులం పేరుతో తనను దూషించారని కేసు పెట్టిన ఒక పాస్టరు విషయంలో, క్రైస్తవం స్వీకరించినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టపు రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కల్పించాలని రాష్ట్ర శాసనసభ 2023లో తీర్మానించింది. ఇతర మతాల్లోకి మారిన దళితులకు ఆ హోదా ఇవ్వవచ్చునా అన్నది పరిశీలించేందుకు కేంద్రం 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2027 జనగణనలో మతంతోపాటు కులాన్ని కూడా నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది కాబట్టి, ఈ కుటుంబాలు ఆ రెండు గడులనూ ఒకే చోట నింపవలసి వస్తుంది.