పిలుపు ఖరీదు: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బౌల్ డబ్బు నేపథ్యం

2025 డిసెంబర్‌లో, జాతీయ విజేతను తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌లో తమకు చోటు దక్కలేదని తెలిసిన వెంటనే, నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం ఈ ఏడాది ఏ బౌల్ ఆటకూ రాబోమని ప్రకటించింది. అయోవా స్టేట్, కాన్సస్ స్టేట్ జట్లు కూడా కోచ్‌లు మారుతున్న వేళ బౌల్ వద్దనుకున్నాయి. అవి సభ్యులుగా ఉన్న బిగ్ 12 అనే విశ్వవిద్యాలయాల కూటమి ఆ రెండింటికీ చెరో 5 లక్షల డాలర్ల జరిమానా విధించింది. పిలవని పేరంటానికి వెళ్లకూడదని మనవాళ్లంటారు గానీ, పిలిచిన పేరంటానికి వెళ్లనందుకు జరిమానా పడటం వింతే. ఆ పిలుపు మీద ఎవరెవరి ఆదాయం ఆధారపడి ఉందో తెలిస్తే ఆ వింత కొంత తగ్గుతుంది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఆట. ఆగస్టు చివర మొదలయ్యే సీజన్ ముగిశాక, డిసెంబర్, జనవరి నెలల్లో ఎంపిక చేసిన జట్ల మధ్య జరిగే విడి ఆటలే బౌల్ ఆటలు. స్టేడియం గిన్నె ఆకారంలో ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. వీటిని మొదలుపెట్టింది విశ్వవిద్యాలయాలు కావు, ఊళ్లు. చలికాలంలోనూ ఎండ కాసే తమ ప్రాంతానికి యాత్రికులను రప్పించడానికి కాలిఫోర్నియాలోని పాసడీనా నగరవాసులు 1890 నుంచి గులాబీల ఉత్సవం జరుపుతున్నారు. దాని ఖర్చులు రాబట్టుకోవడానికి 1902 జనవరి 1న మిచిగన్, స్టాన్‌ఫర్డ్ జట్లతో ఒక ఆట ఏర్పాటు చేశారు. మిచిగన్ 49–0తో చితకబాదడంతో, ఇంకా ఎనిమిది నిమిషాల ఆట మిగిలి ఉండగానే స్టాన్‌ఫర్డ్ చేతులెత్తేసింది. నిర్వాహకులు ఫుట్‌బాల్‌ను పక్కనపెట్టి కొన్నేళ్లపాటు రథాల పందేలు నడిపారు. 1916లో వాషింగ్టన్ స్టేట్ జట్టు బ్రౌన్‌పై 14–0తో గెలిచిన ఆటతో ఫుట్‌బాల్ తిరిగి వచ్చి స్థిరపడింది. దానికే తర్వాత రోజ్ బౌల్ అనే పేరు వచ్చింది. ఆర్థిక మాంద్యపు రోజుల్లో మయామీ, న్యూ ఆర్లియన్స్ నగరాలు ఇదే దారి పట్టాయి. ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్ రెండూ 1935 జనవరి 1నే మొదలయ్యాయి. 1937లో డాలస్‌లో ఒక చమురు వ్యాపారి కాటన్ బౌల్‌ను నిలబెట్టాడు.

ఈ పుట్టుకను గుర్తుపెట్టుకుంటేనే తర్వాతి లెక్కలు అర్థమవుతాయి. బౌల్ కమిటీకి కావలసింది ఉత్తమ జట్టు కాదు, హోటళ్లు నింపగల అభిమానులున్న జట్టు. అందుకే చాలా కాలం పాటు పిలుపులు సీజన్ ముగియకముందే, తెరవెనుక మాటలతోనే ఖాయమైపోయేవి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఓక్లహోమా విశ్వవిద్యాలయ పాలకమండలి కేసులో, కాలేజీ ఫుట్‌బాల్ టీవీ ప్రసారాలపై జాతీయ క్రీడా సంఘమైన ఎన్‌సీఏఏకున్న గుత్తాధిపత్యాన్ని 7–2 తీర్పుతో కొట్టేయడంతో, బేరమాడే శక్తి కాన్ఫరెన్స్‌లనే ప్రాంతీయ కూటముల చేతికి వచ్చింది. మిగతా కాలేజీ క్రీడల్లో చాలావాటికి జాతీయ పోటీలు నడిపే ఎన్‌సీఏఏ, అత్యధిక డబ్బు పుట్టే ఈ అగ్రశ్రేణి ఫుట్‌బాల్‌కు మాత్రం ఇప్పటికీ తానుగా ఛాంపియన్‌షిప్ నడపదు.

1998లో వచ్చిన బీసీఎస్ అనే ఏర్పాటు, మొదటి రెండు ర్యాంకుల జట్లను ఒక ఆటలో కలిపే పద్ధతిగా పేరు తెచ్చుకున్నా, నిజానికి అది పెద్ద బౌల్ ఆటల డబ్బును ఆరు కూటములకు ముందే రిజర్వ్ చేసిన ఒప్పందం. ఆ ఆరింటి విజేతలకు చోటు ఖాయం. బయటివాళ్లు ఒక్క ఆట కూడా ఓడకపోయినా ఎదురుచూడాల్సిందే. 2003లో టులేన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు స్కాట్ కోవెన్ బయటి విశ్వవిద్యాలయాలను కూడగట్టి నిరసన లేవనెత్తాక తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ సందులోంచి లోపలికొచ్చిన బాయిసీ స్టేట్ 2007లో ఓక్లహోమాను 43–42తో, యూటా 2009లో అలబామాను 31–17తో ఓడించాయి.

లోపలున్నవాళ్లకైనా అంతా లాభమేనా అంటే, కనెటికట్ విశ్వవిద్యాలయం ఖాతా చూడాలి. బిగ్ ఈస్ట్ కూటమి విజేతగా ఆ జట్టు 2011 జనవరి 1న అరిజోనాలో ఫియెస్టా బౌల్ ఆడింది. ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయం 17,500 టికెట్లు తానే తీసుకోవాలి. దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు ప్రయాణించి వచ్చే అభిమానులెందరు? వచ్చేవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంటే విశ్వవిద్యాలయం దగ్గర పూర్తి ధర ఎందుకు పెడతారు? అమ్ముడుపోని టికెట్ల భారమంతా విశ్వవిద్యాలయం మీదే పడింది. జట్టుతోపాటు బ్యాండు మేళాన్ని తీసుకెళ్లి రోజుల తరబడి హోటళ్లలో ఉంచిన ఖర్చు దీనికి అదనం. కోట్ల డాలర్ల చెల్లింపు మాత్రం విశ్వవిద్యాలయానికి కాక కూటమికి వెళ్లి, సభ్యులందరికీ పంపకమైంది. 48–20తో ఓడిన ఆ ఆట వల్ల విశ్వవిద్యాలయం పది లక్షల డాలర్లకు పైగా నష్టపోయింది. కోచ్ రాండీ ఎడ్సాల్ జట్టుతో తిరుగు విమానం ఎక్కలేదు. మేరీలాండ్‌లో కొత్త కొలువు ఖాయం కావడంతో నేరుగా అటే వెళ్లిపోయాడు. ఖర్చు ఒకరిది, ఆదాయం పదిమందిది, ప్రతిష్ఠ మరొకరిది అన్నమాట. కొద్ది నెలలకే అదే ఫియెస్టా బౌల్ సంస్థలో, ఉద్యోగుల చేత రాజకీయ విరాళాలు ఇప్పించి ఆ సొమ్మును సంస్థే తిరిగి చెల్లించిన వ్యవహారం బయటపడింది. సంస్థాధిపతి జాన్ జంకర్ ఉద్యోగం పోగొట్టుకుని, తర్వాత నేరం ఒప్పుకొని జైలుకు వెళ్లాడు.

మరి నష్టం వచ్చినా ఎందుకు వెళ్తారు? కోచ్‌ల ఒప్పందాల్లో బౌల్ చేరితే బోనస్ అనే షరతు సర్వసాధారణం. బౌల్‌కు వెళ్లే జట్టుకు డిసెంబర్‌లో అదనపు సాధన రోజులు దొరుకుతాయి. కొత్త ఆటగాళ్లను ఆకర్షించడానికి ఆ పేరు పనికొస్తుంది. 2006 నుంచి సీజన్‌కు 12 ఆటలు శాశ్వతమై, అందులో 6 గెలిస్తే బౌల్ అర్హత వస్తుండటంతో, ఓ మోస్తరు జట్లకు ఆరో గెలుపే సంవత్సరపు లక్ష్యంగా మారింది. ఆరు గెలుపులకు దగ్గరి దారి బలహీనులను డబ్బిచ్చి సొంత మైదానానికి పిలిపించుకోవడం. ఈ లెక్క ఒక్కోసారి తిరగబడుతుంది. 2007లో మిచిగన్ 4 లక్షల డాలర్లిచ్చి పిలిచిన అపలేషియన్ స్టేట్, కింది శ్రేణి జట్టయి ఉండి కూడా, 34–32తో గెలిచి చెక్కు తీసుకుని వెళ్లిపోయింది. బౌల్ ఆటల సంఖ్య పెరిగి పెరిగి, 2015లో ఆరు గెలిచిన జట్లు చాలక, 5 గెలిచి 7 ఓడిన నెబ్రాస్కా, మినెసోటా, శాన్‌హొసే స్టేట్‌లను కూడా పిలవాల్సి వచ్చింది. చాలా బౌల్ ఆటల యాజమాన్యం ఈఎస్‌పీఎన్ టీవీ సంస్థదే. సెలవుల్లో ప్రసారానికి ఆటలు కావాలి, స్టేడియం సగం ఖాళీగా ఉన్నా ఫరవాలేదు.

ఆటగాళ్ల లెక్క వేరు. వాళ్లకు బౌల్ నుంచి దక్కింది పరిమిత విలువ గల బహుమతుల సంచి. 2016 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో నోటర్‌డామ్ ఆటగాడు జేలన్ స్మిత్ మోకాలు దెబ్బతిని, వృత్తి ఆటగాళ్ల ఎంపికలో తొలి రౌండ్ నుంచి జారిపోయాడు. ఆ ఏడాది చివర్లోనే, వృత్తి ఆటకు వెళ్లబోతున్న లియోనార్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకాఫ్రీ తమ జట్ల బౌల్ ఆటలకు దూరంగా ఉన్నారు. అప్పుడు వాళ్లను స్వార్థపరులన్నవాళ్లు ఉన్నారు. కోచ్ వెళ్లిపోతే మాత్రం దాన్ని పదోన్నతి అనేవారు. 2023లో 13 ఆటలూ గెలిచినా అప్పటి ప్లేఆఫ్ నాలుగు జట్లలో చోటు దొరకని ఫ్లోరిడా స్టేట్ నుంచి ఎందరో తప్పుకోగా, మిగిలినవాళ్లు ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63–3తో ఓడారు.

2014లో నాలుగు జట్లతో మొదలైన ప్లేఆఫ్, 2024లో పన్నెండుకు పెరిగింది. ఈఎస్‌పీఎన్‌తో ఆరేళ్లకు 780 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 2026 నుంచి ప్లేఆఫ్ ఆదాయంలో బిగ్ టెన్, ఎస్‌ఈసీ కూటములకు చెరో 29 శాతం దాకా ముందే ఖరారైంది. ఐదు చిన్న కూటములకు కలిపి దక్కేది సుమారు 9 శాతం. ఇలా ఉన్నప్పుడు ఏ ఆట గెలిచామన్నదానికంటే ఏ కూటమిలో ఉన్నామన్నదే విలువైన ప్రశ్న అవుతుంది. ఆ విలువను ముందే పసిగట్టి పసిఫిక్ తీరపు పాక్-12 కూటమి నుంచి పది విశ్వవిద్యాలయాలు 2024కల్లా వెళ్లిపోయాయి. మిగిలిపోయిన రెండింటిలో ఒకటి ఒరెగాన్ స్టేట్. రెండోది, 1916లో పాసడీనాలో గెలిచి రోజ్ బౌల్‌ను నిలబెట్టిన వాషింగ్టన్ స్టేట్.