రోహిణి వెనక పుడుతున్న నక్షత్రాలు

డిసెంబర్‌లో చీకటి పడ్డాక భీమిలి రోడ్డు మీద, విశాఖ లైట్లు తగ్గిన చోట ఆగి తూర్పుకు చూడండి. కృత్తికలు, వాటికి కాస్త కిందుగా ఎర్రటి రోహిణి కనిపిస్తాయి. రోహిణి మనకు 65 కాంతి సంవత్సరాల దూరం. దాదాపు అదే దిక్కులో, ఇంకా చాలా అవతల, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఎల్1551 అనే చీకటి వాయు మేఘం ఉంది. అందులో పుడుతున్న ఒక నక్షత్రాల జంట దగ్గర నుంచి వాయువు రెండు వైపులకూ దూసుకుపోతోందని 1980లో రేడియో టెలిస్కోపులతో తేలింది.

ఇలాంటి చీకటి మేఘాల్లో ఉన్నది ఎక్కువగా హైడ్రోజనే. కానీ మైనస్ 260 డిగ్రీల చలిలో దాని జాడ దొరకదు. అందుకే దానితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ పంపే 2.6 మిల్లీమీటర్ల తరంగాలను పట్టుకుంటారు. మనవైపు వస్తున్న వాయువు తరంగాలు కాస్త కుదించుకుంటాయి, దూరంగా పోతున్నవి సాగుతాయి. వాయువు ఎటు పోతోందో దీన్ని బట్టే తెలుస్తుంది.

నక్షత్రం పుట్టాలంటే వాయువు లోపలికి పడాలి కదా, మరి బయటికి పోవడమేంటి? నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. జవాబు తిరుగుడులో ఉంది. 2014లో హుద్‌హుద్‌ను చూసిన విశాఖ వాళ్లకు తెలుసు, తుపాను కన్ను దగ్గర గాలి ఎంత ఉధృతంగా తిరుగుతుందో. దూరం నుంచి లోపలికి లాగబడే గాలికి, కేంద్రం దగ్గరయ్యేకొద్దీ సుడి వేగం పెరుగుతుంది. మేఘం కుంగినప్పుడూ అదే సూత్రం. కాకపోతే ఇక్కడ కుదింపు లక్షల రెట్లు. ఆ తిరుగుడంతా మిగిలిపోతే వాయువు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది తప్ప నక్షత్రం మీద పడదు. పళ్లెంలా పరుచుకున్న ఆ వాయువులో కొంత భాగాన్ని అయస్కాంత క్షేత్రాలు పైకీ కిందికీ విసిరేస్తాయి. పోయే వాయువు తిరుగుడును తనతో పట్టుకుపోతుంది, మిగిలింది లోపలికి జారుతుంది. అంటే ఈ పారబోత వృథా కాదు, దానివల్లే నక్షత్రం పెరుగుతోంది. ఆ విసురు సరిగ్గా పళ్లెంలో ఏ చోట మొదలవుతుందన్న వాదన ఇంకా తెగలేదు.

అలా విసిరిన వాయువు సన్నటి ధారగా, అంటే జెట్‌గా, సెకనుకు వంద కిలోమీటర్లు, అంతకు మించిన వేగంతో పోతూ చుట్టుపక్కల వాయువును నెట్టుకుపోతుంది. రేడియోలో కనిపించేది చాలావరకు ఇలా నెట్టబడిన, నెమ్మదైన వాయువే. అది మేఘాన్ని కలచి, చీల్చి, ముడిసరుకును చెదరగొడుతుంది. మేఘంలో కొద్ది శాతమే నక్షత్రాలుగా మారడానికి ఇదీ ఒక కారణం.

పర్షియస్ నక్షత్ర మండలంలో, సుమారు వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న హెచ్‌హెచ్ 211 జెట్ల ఫొటోను 2023లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు టీమ్ విడుదల చేసింది. మధ్యలో ఉన్న పసి నక్షత్రం బరువు ప్రస్తుతానికి సూర్యుడిలో 8 శాతమే. అది పెరిగి సూర్యుడి లాంటి నక్షత్రం అయ్యే అవకాశం ఉంది.