ఇంట్లో కట్టిన రేసు కాటమరాన్: అపోహలు - వాస్తవాలు

మెల్‌బోర్న్‌లో మా గ్యారేజీలో కారు పెట్టి నాలుగేళ్ళయింది. అక్కడ ముందు రెండు హల్స్, అంటే నీళ్ళలో తేలే రెండు బోలు దేహాలు, తయారయ్యాయి, ఆ తర్వాత వాటి మరమ్మతులు మొదలయ్యాయి. నేను కట్టింది ఫార్ములా 16 తరగతి కాటమరాన్. పొడవు 5 మీటర్లు, వెడల్పు 2.5 మీటర్లు. ఇద్దరు నడిపేటప్పుడు రూలు ప్రకారం కనీస బరువు 107 కిలోలు. ప్లైవుడ్, ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అని రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే అంటు), పైన పల్చటి గ్లాస్ క్లాత్ (గాజు పోగుల బట్ట). వేసవిలో శనివారం వస్తే పోర్ట్ ఫిలిప్ బేలో రేసుకు దింపుతాను. చుక్కాని నాది, ముందు తాళ్ళన్నీ మా బావమరిదివి.

మాది ఉప్పాడ వైపు. ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు "ఇంకా ఆ తెప్ప పనేనా?" అంటారు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: కాటమరాన్ అంటే మన తెప్పే, కాస్త సోకు చేశారంతే

మాట మనవైపుదే. తమిళంలో కట్టు, మరం కలిస్తే కట్టుమరం. కోరమండల్ తీరానికి వచ్చిన ఇంగ్లీషు నావికులు 17వ శతాబ్దంలోనే ఆ మాటను పట్టుకుపోయారు. వస్తువు మాత్రం వేరు. మన తెప్పలో దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగిస్తారు. లోపల బోలు ఉండదు, నీళ్ళు సందుల్లోంచి పైకొచ్చి మళ్ళీ కిందికే పోతాయి. రెండు బోలు పడవల్ని ఎడంగా పెట్టి అడ్డదూలాలతో కలిపే పద్ధతి పసిఫిక్ ద్వీపవాసులది. 1876లో న్యూయార్క్‌లో నథానియల్ హెరెషాఫ్ అలాంటి పడవ ఒకటి, అమరిల్లిస్ అని, రేసుకు తెచ్చి మిగతా పడవల్ని ఓడించాడు. పోటీదారులు అభ్యంతరం చెప్పి దాన్ని పక్కన పెట్టించారు.

తెప్పకు తాళ్ళ కట్టు కాస్త వదులిచ్చి ఆడటమే బలం. కెరటం ఒడ్డుకేసి కొట్టినా దుంగ విరగదు. రేసు కాటమరాన్‌లో సరిగ్గా ఆ ఆటే మనల్ని ముంచుతుంది.

అపోహ: ఎంత తేలికైతే అంత వేగం

నేనూ ఇలా అనుకునే మొదలుపెట్టాను. రాత్రిళ్ళు వంటింటి త్రాసు మీద స్క్రూలు తూచేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు నవ్వేవారు. తీరా పడవ పూర్తయ్యాక తూకం 114 కిలోలు వచ్చింది. ఏడు కిలోలు ఎక్కువ. రెండు రోజులు తిండి సయించలేదు.

మొదటి సీజన్లో మేం వెనకబడింది ఆ ఏడు కిలోల వల్ల కాదు, బిగువు లేకపోవడం వల్ల. గాలి పడినప్పుడు గాలివాలు వైపు (గాలి పోయే వైపు) హల్ ముక్కు కిందికి, గాలి వచ్చే వైపు హల్ ముక్కు పైకి పోవాలని చూస్తాయి. మధ్యలో రెండు అల్యూమినియం బీములు, అంటే అడ్డదూలాలు, ఈ మెలికను ఆపాలి. ఆపకపోతే మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) ముందు నుంచి పట్టుకున్న తీగ వదులవుతుంది, ముందు తెరచాప పొట్ట ఉబ్బుతుంది, గాలికెదురుగా ఎక్కాల్సిన పడవ పక్కకు జారుతుంది. మీరు తాడు ఎంత లాగినా లాభం లేదు. మీరు లాగింది తెరచాపకు చేరదు, పడవను మెలిపెట్టడానికే సరిపోతుంది.

దీన్ని గ్యారేజీలోనే చూడొచ్చు. పడవను స్టాండ్ల మీద పెట్టి, ఒక ముక్కు కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తండి. రెండో ముక్కు కూడా వెంటనే లేస్తే బాగున్నట్టు. నాది మొదటిది 40 మిల్లీమీటర్లు లేచాక గానీ రెండోది కదల్లేదు. కారణం వెతికితే హల్ మీద బీమ్ కూర్చునే గాడిలో సందు కనబడింది. పోస్ట్‌కార్డు దూరేంత. బోల్టు ఎంత బిగించినా అక్కడ బీమ్ మూలల మీదే ఆనుతోంది.

మందు చాలా తేలిక. బీమ్‌కు ప్యాకింగ్ టేపు చుట్టాను, అంటుకోకుండా. ఎపాక్సీలో సిలికా పొడి కలిపి గట్టి పెరుగులా చేసి గాడిలో వేసి, బీమ్‌ను దాని మీద కూర్చోబెట్టాను. బిగించే ముందు ఎడమ హల్ ముక్కు నుంచి కుడి హల్ తోకకు, కుడి ముక్కు నుంచి ఎడమ తోకకు టేపు పెట్టి కొలిస్తే 11 మిల్లీమీటర్ల తేడా. అంటే ఒక సీజనంతా రెండు హల్స్‌నూ వంకరగా ఈడ్చుకుంటూ తిరిగామన్నమాట. అది సరిచేసి, మర్నాడు రబ్బరు సుత్తితో బీమ్‌ను తట్టి లేపితే, గాడిలో దాని అచ్చు అద్దంలా పడింది. తర్వాత జాకీ పరీక్షలో 40 కాస్తా 15 అయింది. ఆ వారం రేసులో మా ముందు తెరచాప మొదటిసారి పలకలా నిలబడింది. బరువు మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు, పుట్టీ వల్ల పెరిగింది కూడా.

బరువు అసలు లెక్కలోకి రాదని కాదు. ముక్కు కొసన, మాస్ట్ పైకొసన ఉన్న కిలో మధ్యలో ఉన్న కిలో కంటే ఎక్కువ నష్టం. అలల్లో పడవ ఊగిసలాడుతుంది. పోర్ట్ ఫిలిప్‌లో లోతు తక్కువ, అలలు పొట్టిగా నిటారుగా వస్తాయి కాబట్టి ఇది బాగా తెలుస్తుంది.

ఇంకో లెక్క. పడవ బరువెక్కువైతే గాలికి గట్టిగా నిలబడుతుందని కొందరంటారు. గాలివాలు హల్ మీద తిరగబడకుండా పట్టేది బరువు ఒక్కటే కాదు, బరువును దూరంతో గుణిస్తే వచ్చేది. మా పడవ బరువు ఆ హల్ నుంచి మీటరు కంటే కాస్త ఎక్కువ దూరంలో పనిచేస్తుంది. 107ను 1.05తో గుణిస్తే 112. మేమిద్దరం కలిసి 145 కిలోలు. ట్రాపీజ్ తీగలకు వేలాడుతూ అంచు మీద కాళ్ళు పెట్టి బయటికి వాలితే మా బరువు దాదాపు 3.2 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే 464. నిలబెట్టే బలంలో ఐదింట నాలుగు వంతులు మనుషులవే. పడవకు పది కిలోలు కలిపి సాధించేదేమీ లేదు.

అపోహ: రెసిన్ దండిగా పోస్తే గట్టిగా ఉంటుంది, హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుంది

ఈ రెండిటికీ నేను మూల్యం చెల్లించాను. బలం బట్టది, అంటే గ్లాసు పోగులది. రెసిన్ పని ఆ పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచడం. బట్ట తడిసి పారదర్శకంగా అయ్యాక పైన మెరుస్తూ నిలిచేదంతా దండగ బరువు. స్క్వీజీతో (రబ్బరు పలకతో) లాగి తీసేయాలి. నా ఏడు కిలోల్లో ఎక్కువ భాగం ఇలాంటి మెరుపే.

హార్డెనర్ సంగతి వేరు. అది పెయింట్లో థిన్నర్‌లా మన ఇష్టం వచ్చినంత పోసేది కాదు. రెసిన్ అణువులకు జతగా సరిపడా హార్డెనర్ అణువులు కావాలి. ఎక్కువైనా తక్కువైనా జత దొరకనివి మిగిలిపోయి అంటు మెత్తగానే ఉండిపోతుంది. జులైలో, అంటే ఇక్కడ నడి చలికాలం, ఓ రాత్రి గ్యారేజీలో 9 డిగ్రీలుంది. త్వరగా గట్టిపడుతుందని కంటికి అందాజుగా ఒక గుటకెడు ఎక్కువ పోశాను. మర్నాడు వేలు పెడితే బెల్లం పాకంలా సాగింది. వారమైనా అంతే. హీట్ గన్, గోకుడు కత్తి పట్టుకుని మూడు సాయంత్రాలు ఒక హల్ పొడవునా గోకాను. ఆ రోజు నుంచి డిజిటల్ త్రాసు లేకుండా డబ్బా మూత తీయను. చలైతే రెసిన్‌ను కాదు, గదిని వెచ్చబెట్టాలి.

ఎండాకాలం కష్టం ఇంకోలా ఉంటుంది. కలిపిన ఎపాక్సీని లోతైన కప్పులో వదిలేస్తే దాని వేడికి అదే ఉడికి పొగలొస్తుంది. వెడల్పాటి ట్రేలో పల్చగా పరచుకోవాలి. గట్టిపడ్డాక పైన మైనంలాంటి పొర ఏర్పడుతుంది, ముందు నీళ్ళతో కడగాలి, ఆ తర్వాతే సాండ్‌పేపర్. కడక్కుండా రుద్దితే ఆ పొరను లోపలికి పులిమినట్టే, పై కోటు పట్టదు.

గ్లవ్స్ విషయంలో మొండితనం వద్దు. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే మళ్ళీ జన్మలో పోకపోవచ్చు. చేతికి అంటితే థిన్నర్‌తో తుడవొద్దు, అది చర్మంలోకి ఇంకా ఎక్కిస్తుంది. సబ్బు నీళ్ళు చాలు.

అపోహ: కార్బన్ ఫైబర్ లేకపోతే రేసు పడవే కాదు, ప్లైవుడ్ బీరువాలకు

టోర్నడో పేరు వినే ఉంటారు. 1967లో రాడ్నీ మార్చ్ డిజైన్ చేసిన 20 అడుగుల కాటమరాన్. 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఉంది. మొదటి టోర్నడోలు ప్లైవుడ్‌వే. 1976లో దాని మీద తొలి స్వర్ణం గెలిచిన రెజ్ వైట్ స్వయానా పడవలు కట్టే మనిషి.

ఆ పద్ధతే నేనూ పట్టుకున్నాను. 4 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై షీటు 2.44 మీటర్లే ఉంటుంది కాబట్టి అంచుల్ని ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పడేలా అతికి పొడవు చేయాలి. మందానికి ఎనిమిది రెట్ల వాలు, అంటే 32 మిల్లీమీటర్లు. రెండు పొడవాటి పలకల్ని అడుగు అంచున రాగి తీగలతో కుట్టి, లోపల గ్లాసు టేపు అతికించి, అది ఆరాక పుస్తకం మూసినట్టు పైకి ముడుస్తారు. చెక్క ఇటూ వంగి, అటూ మెలి తిరిగి, పొట్ట గుండ్రంగా దానంతటదే వస్తుంది. ఆ ముడిచే పావుగంట గ్యారేజీలో ఎవరూ మాట్లాడరు. చెక్క కిరకిరమంటుంది. మా బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

కార్బన్ బాగుంటుంది, కాదనను. అయితే అల్యూమినియం బీమ్‌కు నేరుగా తగిలితే ఉప్పునీళ్ళలో అల్యూమినియం తెల్లపొడిగా రాలిపోతుంది. మధ్యలో ఒక గ్లాసు పొర వేయాలి.

అపోహ: గాలి కంటే వేగంగా తెరచాప పడవ ఎలా పోతుంది? అబద్ధం

గాలిలేని సాయంత్రం స్కూటర్ మీద వెళ్తుంటే మొహానికి గాలి కొడుతుందిగా. పక్కనుంచి నిజం గాలి కూడా ఉంటే, రెండూ కలిసి ముందు నుంచి ఏటవాలుగా, ఇంకా గట్టిగా తగులుతాయి. తెరచాపకు తెలిసేది ఈ కలిసిన గాలే. నీటి ఒరిపిడి తక్కువగా ఉన్న సన్నటి హల్స్ అయితే వేగం పెరిగేకొద్దీ ఆ గాలీ పెరుగుతుంది, ఒరిపిడి అడ్డుపడేదాకా. 2013లో అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పోటీలో కాటమరాన్లు 40 నాట్లు (గంటకు దాదాపు 74 కిలోమీటర్లు) దాటాయి, గాలి అందులో సగానికి అటూ ఇటూ ఉండగా. అందుకే మేం గాలివాలుకు కూడా తిన్నగా పోం, వంకరటింకరగా పోతాం. తిన్నగా పోతే స్కూటర్ గాలి నిజం గాలిని తినేస్తుంది.

అపోహ: రెండు కాళ్ళున్నది తిరగబడదు

తిరగబడుతుంది. తలకిందులయ్యాక కూడా అంతే నిలకడగా ఉంటుంది, ఇబ్బంది అదే. ఒక హల్ నీళ్ళు వదిలిన క్షణానికే నిలబెట్టే బలం గరిష్ఠం. అక్కణ్ణుంచి లేచేకొద్దీ తగ్గడమే.

పక్కకు పడటం కంటే ముందుకు పల్టీ కొట్టడం ప్రమాదం. గాలివాలుకు స్పిన్నేకర్ (ముందు కట్టే పెద్ద ఉబ్బు తెరచాప) వేసుకుని పరుగెడుతున్నప్పుడు తెరచాప ఎత్తు మీద నుంచి ముక్కును కిందికి తొక్కుతుంది. ముక్కు మునిగితే పడవ ఆగుతుంది. పడవ ఆగినా గాలి ఆగదు కాబట్టి తొక్కుడు ఇంకా పెరుగుతుంది.

రెండో సీజన్లో, ఆఖరి మార్కుకు (చుట్టి రావాల్సిన తేలే గుర్తుకు) దగ్గరలో, "బావా, ముక్కు మునుగుతోంది!" అని అరుపు వినబడింది. నేను చేయాల్సింది చుక్కానితో పడవను గాలివాలుకు ఇంకా దించడం. భయంలో గాలికెదురుగా తిప్పాను. ట్రాపీజ్ మీదున్న అతను మాస్ట్ చుట్టూ ఉయ్యాలలా తిరిగి తెరచాప మీద పడ్డాడు. నేను అతని మీద.

పడ్డ పడవను లేపాలంటే మొదట తెరచాపల తాళ్ళన్నీ వదలాలి. తర్వాత కింది హల్ మీద నిలబడి, పై హల్ మీదుగా వేసిన తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. ముక్కు వైపు జరిగితే పడవ మెల్లగా గాలికెదురుగా తిరుగుతుంది, తెరచాప కిందికి గాలి దూరి పైకి లేపుతుంది. ఇదంతా మాస్ట్ లోపలికి నీళ్ళు పోకుండా మూసి ఉంటేనే. నేను ఒక రివెట్ రంధ్రానికి సిలికాన్ పెట్టడం మరిచాను. మాస్ట్ నిండి పడవ బోర్లా తిరిగింది. రక్షణ పడవ వచ్చేసరికి ఇరవై నిమిషాలు హల్ మీద కూర్చుని, ఇంట్లో ఏం చెప్పాలో ఇద్దరం అనుకున్నాం.

అపోహ: ఇంట్లో కట్టినదాన్ని రేసుకు రానివ్వరు

తరగతిని బట్టి ఉంటుంది. హోబీ 16లా అన్నీ ఒకే అచ్చున ఉండాల్సిన తరగతిలో ఇంటి పడవ చెల్లదు. ఫార్ములా 16, ఎ-క్లాస్ లాంటివి కొలతల హద్దులు మాత్రమే పెడతాయి. పొడవు, వెడల్పు, బరువు, తెరచాప విస్తీర్ణం కొలిచి సర్టిఫికెట్ ఇస్తారు. బరువు తక్కువైతే సీసం కట్టమంటారు. నాకా అదృష్టం పట్టలేదు.

అపోహ: కొనడం కంటే కట్టుకుంటే చవక

కాదు. హల్స్ చవకే. మాస్ట్, తెరచాపలు, కప్పీలు, తాళ్ళు, ట్రాలీ ఎటూ కొనాల్సిందే. ఆ డబ్బుకు వాడిన మంచి పడవే వస్తుంది.

అపోహ: ఫాయిల్స్ పెడితే గెలుపు ఖాయం

ఫాయిల్స్ అంటే నీళ్ళలో ఉండి పడవను పైకి లేపే రెక్కలు. ఎ-క్లాస్‌లో ఇలా ఎగిరే పడవలకూ ఎగరనివాటికీ ఇప్పుడు విడివిడిగా ఫలితాలిస్తున్నారు. అది చూసి మా బావమరిది రోజూ ఫాయిల్స్ వీడియోలు పంపుతాడు. నీళ్ళపైకి లేచిన పడవ బరువంతా అరచేతి వెడల్పు రెక్క మీద, అది దూరే పెట్టె మీద పడుతుంది. 4 మిల్లీమీటర్ల ప్లై అడుగున ఆ పెట్టెను ఎలా నిలబెట్టాలో కాగితం మీద వేసుకుంటున్నాను. ఈలోగా వెనక బీమ్ గాడి దగ్గర వెంట్రుకంత పగులు కనబడింది. ఈ ఆదివారం దాని పని.