పుట్టుకతో వచ్చిన ఊపిరితిత్తుల లోపాలు: పెద్దవారిలో అపోహలు - వాస్తవాలు

అపోహ: పుట్టుకతో లోపముంటే చిన్నప్పుడే తెలిసిపోతుంది.

వాస్తవం: అన్నీ తెలియవు. ఒక ఊపిరితిత్తి అసలు ఏర్పడకుండానే పుట్టి, రెండోది పెద్దదై ఆ లోటు పూడ్చడంతో నడివయసు దాకా ఇబ్బంది లేకుండా బతికినవారూ ఉన్నారు. వేరే అవసరానికి తీసిన ఎక్స్‌రేలో విషయం బయటపడుతుంది.

అపోహ: న్యుమోనియా పదేపదే వస్తోందంటే రోగనిరోధక శక్తి తగ్గినట్టే.

వాస్తవం: ఎన్నిసార్లు వచ్చిందన్నదాని కంటే ఎక్కడ వచ్చిందన్నదే డాక్టరుగా నాకు ముఖ్యం. అందుకే పాత ఎక్స్‌రేలన్నీ తెమ్మంటాను. చాలామంది చివరి రిపోర్టు ఒక్కటే తెస్తారు. ప్రతిసారీ అదే చోట, ముఖ్యంగా ఎడమవైపు కింది భాగంలో మచ్చ కనిపిస్తూ, జ్వరం తగ్గాక కూడా పూర్తిగా పోకపోతే సీక్వెస్ట్రేషన్‌ను అనుమానించాలి. అంటే ఊపిరితిత్తిలో ఒక ముక్కకు శ్వాసనాళాలతో సరైన సంబంధం ఉండదు, దానికి రక్తం నేరుగా బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) నుంచో దాని శాఖ నుంచో వస్తుంది. వీటిలో సుమారు 75 శాతం ఊపిరితిత్తి పొరలోపలే ఉండే రకం. పెద్దవారిలో ఎక్కువగా చూసేది దీన్నే. కఫంలో క్రిమి దొరక్కపోయినా నెలల తరబడి క్షయ మందులు వాడి వచ్చేవారిని చూస్తే బాధగా ఉంటుంది.

అపోహ: సీటీ తీస్తే అన్నీ కనిపిస్తాయి.

వాస్తవం: వెతికితేనే కనిపిస్తాయి. రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా తీసిన స్కాన్‌లో, సీక్వెస్ట్రేషన్ ముక్కకు రక్తం తెచ్చే ధమని దృష్టికి రాకపోవచ్చు. సీటీ యాంజియోగ్రఫీ (రక్తనాళాలను చూపే స్కాన్) రాసేటప్పుడు, పొట్ట పైభాగం కూడా చూడమని రేడియాలజిస్టుకు చెబుతాను. ఎందుకంటే ఆ ధమని కొన్నిసార్లు ఉదర వితానం (ఛాతీని, పొట్టను వేరుచేసే కండర పొర) కింది నుంచి పైకి వస్తుంది. ముందుగా తెలియక ఆపరేషన్‌లో అది తెగితే, తెగిన కొస కిందికి జారిపోయి రక్తస్రావం ఆపడం చాలా కష్టమవుతుంది. సూదితో పరీక్షకు ముక్క తీసే ముందు కూడా ఇదే జాగ్రత్త.

అపోహ: ఎక్స్‌రేలో సగం ఛాతీ తెల్లగా ఉంటే నీరు చేరినట్టే.

వాస్తవం: గుండె ఎటు జరిగిందో చూడండి. నీరు ఎక్కువగా చేరితే అది గుండెను అవతలికి నెడుతుంది. ఊపిరితిత్తి లేకపోతే గుండె ఆ ఖాళీలోకే వచ్చి కూర్చుంటుంది. అక్కడ నీరు తీద్దామని సూది గుచ్చితే ఏం తగులుతుందో వేరే చెప్పాలా? ముందు అల్ట్రాసౌండ్ చేయాలి.

అపోహ: బయటపడితే ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: ఇన్ఫెక్షన్లు తిరగబెడుతున్నా, దగ్గులో రక్తం పడుతున్నా సాధారణంగా ఆపరేషనే సూచిస్తాం. లక్షణాలేమీ లేనివారి విషయంలో వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. వయసు, లోపం రకం, ఆపరేషన్‌ను తట్టుకునే శక్తి చూసి కొందరిని స్కాన్లతో గమనిస్తూ ఉంటాం.